మన ఎంపీ మంత్రి అయితే మన ప్రశ్న పార్లమెంటులో ఎవరు అడగాలి?

కవిటి_కుర్రోడు | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి మండలం. మా ఊరి యువజన సంఘం తరఫున కిడ్నీ రోగుల మీద ఒక వినతిపత్రం రాశాం. డయాలసిస్‌కి వెళ్లొచ్చే ఆటో ఖర్చు, మందుల కొరత, ఆ రోజు కూలి పోవడం, ఒకే ఇంట్లో ఒకరి తరవాత ఒకరు మంచాన పడటం, అన్నీ పెట్టాం. దీన్ని పార్లమెంటులో ప్రశ్నగా వేయించండి అని మా దగ్గరి నాయకుడొకాయనకి ఇచ్చాం. ఆయన పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మన ఎంపీ ఇప్పుడు కేంద్రమంత్రి కదరా, మంత్రులు ప్రశ్నలు వెయ్యరు, జవాబులు చెప్తారు" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం ఆ చొక్కాతో పాటు ఉతుక్కి వెళ్లిపోయుంటుంది.

నిజంగానే మంత్రి అడగకూడదా? రామ్మోహన్ నాయుడు గారు 2024 జూన్ నుంచి పౌర విమానయాన మంత్రి. అంటే శ్రీకాకుళం గురించి ఐదేళ్లూ ఎవరూ అడగరా? తెలిసినవాళ్లు చెప్పండి.

నెల్లిమర్ల_నాగులు | ఆదివారం రాత్రి 9:58

అడిగితే ఏటవుద్ది తమ్ముడూ? మా జూట్ మిల్లు మూతపడినప్పుడల్లా ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట మాట్లాడారు. తెరిచారు, మళ్లీ మూశారు. ఢిల్లీలో ఒకాయన లేచి చదువుతాడు, ఇంకొకాయన లేచి "పరిశీలిస్తున్నాం" అంటాడు, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. మీ ఊరి పేరు ఢిల్లీలో పలికారని సంతోషించి పడుకోవడమే. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేసినోళ్లని కూడా చూశాం కదా.

సిక్కోలు_మేష్టారు | సోమవారం ఉదయం 6:15

నాగులూ, డబ్బు తీసుకున్నవాళ్ల సంగతి ఎత్తావు గనక ముగింపు కూడా చెప్పు. 2005 డిసెంబరులో 11 మంది సభ్యత్వం ఊడింది. పది మంది లోక్‌సభ, ఒకరు రాజ్యసభ. ప్రశ్నకి విలువ లేకపోతే దానికి డబ్బు ఎవడిస్తాడయ్యా?

ఇక కవిటి తమ్ముడికి. మీ నాయకుడు చెప్పింది సగం నిజం. మంత్రి అంటే ప్రభుత్వమే. ప్రశ్నోత్తరాల గంట ఉన్నదే ప్రభుత్వాన్ని సభ్యులు నిలదీయడానికి. అందుకని ఒక మంత్రి ఇంకో మంత్రిని సభలో ప్రశ్న అడగరు. మన రెండు జిల్లాలకీ ఈ అనుభవం కొత్త కూడా కాదు. 2014 నుంచి 2018 మార్చి వరకు విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు గారిది ఇదే విమానయాన శాఖ. అంతకు ముందు 1996 తరవాత ఎర్రన్నాయుడు గారు గ్రామీణాభివృద్ధి మంత్రిగా ఉన్నారు. మంత్రి కావడం వల్ల జిల్లాకి వచ్చేవి కొన్ని ఉంటాయి. సభలో ప్రశ్న వేసే వీలు మాత్రం ఆ మేరకు పోతుంది. ఆయన తోటి మంత్రికి ఉత్తరం రాయొచ్చు, ఫోన్‌లో మాట్లాడొచ్చు. పని తొందరగా అయినా అవుతుంది. కానీ అది సభ రికార్డులో ఉండదు.

మిగతా సగం ఆ నాయకుడు చెప్పలేదు. ప్రశ్నకి నియోజకవర్గం సరిహద్దు లేదు. విజయనగరం ఎంపీ అడగొచ్చు. అరకు ఎంపీ అడగొచ్చు. మన పాత జిల్లాలోని పాలకొండ అరకు లోక్‌సభ కిందకే వస్తుంది, ఎచ్చెర్ల, రాజాం విజయనగరం కిందకి వస్తాయి. ఇది కాక రాజ్యసభలో ఆంధ్రకి 11 సీట్లు ఉన్నాయి, వాళ్లది రాష్ట్రమంతా. అంతెందుకు, ఉద్దానం గురించి అస్సాం ఎంపీ అడిగినా ఎవరూ కాదనరు.

ఢిల్లీలో_రాజాంపిల్ల | సోమవారం మధ్యాహ్నం 1:30

మేష్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను ఇక్కడ ఒక ఎంపీ గారి దగ్గర ప్రశ్నలు, నోట్‌లు తయారుచేసే పనిలో ఉన్నాను. మన రాష్ట్రం ఆయన కాదు, పార్టీ పేరు అడక్కండి.

ముందు ఒక మాట. మీ వినతిపత్రం ఎంత బాగా రాసినా ఎంపీ దాన్ని అలాగే వెయ్యలేరు. లోక్‌సభలో ప్రశ్న 150 మాటలు దాటకూడదు. ఒకే విషయం మీద ఉండాలి. వాదన, ఎత్తిపొడుపు, నింద ఉంటే సభ సచివాలయం పక్కన పెట్టేస్తుంది. కోర్టులో నడుస్తున్నది అడగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అది కేంద్రం పని అయి ఉండాలి. ఇంచుమించు అన్ని వినతిపత్రాలూ ఇక్కడే తన్నుకుంటాయి. వైద్యం రాష్ట్రం కింద ఉంది, తాగునీరు రాష్ట్రం కింద ఉంది, పెన్షన్ రాష్ట్రం ఇస్తోంది. "ఇది రాష్ట్ర పరిధిలోని అంశం" అని ఒక్క వాక్యంతో తిప్పి పంపేస్తారు.

కాబట్టి మీ బాధలో కేంద్రం చెయ్యి ఎక్కడుందో వెతకాలి. అసలు పని అంతా అదే.

తమ్ముడూ, నీ మాటల్లో నీ ప్రశ్న ఒకసారి ఇక్కడ పెట్టు. అందరం కలిసి చూద్దాం.

కవిటి_కుర్రోడు | సోమవారం సాయంత్రం 7:05

థాంక్స్ అక్కా. ఇదిగో:

"ఉద్దానంలో ఏళ్ల తరబడి జనం చచ్చిపోతున్నా కేంద్ర ప్రభుత్వం ఎందుకు కళ్లు మూసుకుంది? మా ప్రాణాలకి విలువ లేదా? కిడ్నీ రోగుల పెన్షన్ పెంచుతారా లేదా? ప్రతి ఊళ్లో డయాలసిస్ సెంటర్ ఎప్పుడు పెడతారు? సెంటర్‌కి వెళ్లే రోడ్డు గోతులు ఎప్పుడు పూడుస్తారు?"

నెల్లిమర్ల_నాగులు | సోమవారం సాయంత్రం 7:11

బాగుంది, ధర్నాలో మైకు ముందు చదివితే చప్పట్లే.

ఢిల్లీలో_రాజాంపిల్ల | సోమవారం రాత్రి 10:20

నాగులు మామా, ఊరుకో. కుర్రాడి కోపం న్యాయమైనదే.

కానీ తమ్ముడూ, ఇందులో మొదటి రెండు వాక్యాలూ వాదన కిందకి వస్తాయి, కొట్టేస్తారు. పెన్షన్ రాష్ట్రానిది. డయాలసిస్ రోగులకి నెలకి పదివేలు చేసింది రాష్ట్ర ప్రభుత్వమే, అది అసెంబ్లీలో మీ ఎమ్మెల్యే చేత అడిగించాలి. రోడ్డు పూర్తిగా వేరే సంగతి. మిగిలింది డయాలసిస్.

ఇప్పుడు కేంద్రం ఎక్కడుందో చూడు. పేదలకి ఉచిత డయాలసిస్ కోసం 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం జాతీయ ఆరోగ్య మిషన్ డబ్బుతో నడుస్తోంది. ఈ జబ్బు మీద పరిశోధనకి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఉంది, అది కేంద్ర ఆరోగ్య శాఖలోదే. ఇంటింటికీ కుళాయి అనే జల్ జీవన్ మిషన్ 2019లో వచ్చింది, అది జలశక్తి శాఖ. భూగర్భ జలాల పరీక్షలు కేంద్ర భూగర్భ జల బోర్డువి, అది కూడా జలశక్తే. కాబట్టి నీళ్ల సంగతి ఈ ప్రశ్నలో కలపకు. శాఖ వేరు, రోజు వేరు. వారంలో ఏ రోజు ఏ శాఖలు జవాబివ్వాలో ముందే పట్టిక వేస్తారు. ఆ రోజుకి కనీసం 15 పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

నేనైతే ఇలా రాస్తాను:

"ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రి దయచేసి తెలియజేయగలరా:
(అ) శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కారణం తేలని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధిపై ఐసీఎంఆర్ చేపట్టిన లేదా నిధులిచ్చిన అధ్యయనాలు ఏవి, ఒక్కొక్కటి ఏ దశలో ఉంది;
(ఆ) వాటి నివేదికలను బయటపెట్టారా, లేకపోతే కారణాలేమిటి;
(ఇ) జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద గత ఐదేళ్లలో ఈ జిల్లాకి మంజూరైన యంత్రాలు, వాటిలో పనిచేస్తున్నవి ఎన్ని, సెంటర్ల వారీగా, ఏడాది వారీగా;
(ఈ) ఇలాంటి ప్రాంతాల కోసం ప్రత్యేక కార్యక్రమం ఏదైనా ప్రభుత్వ పరిశీలనలో ఉందా, ఉంటే వివరాలు?"

చప్పగా ఉందని నాకూ తెలుసు. కానీ (ఇ) చూడు. 'మంజూరైనవి', 'పనిచేస్తున్నవి' అని విడివిడిగా అడిగాం. మంజూరు ఒక్కటే అడిగితే పెద్ద అంకె ఇచ్చి కూర్చుంటారు. 'సెంటర్ల వారీగా' అని అడక్కపోతే రాష్ట్రం మొత్తానికి ఒకే అంకె ఇస్తారు, అందులో సోంపేట ఎక్కడుందో, పలాస ఎక్కడుందో నీకు అంతుపట్టదు.

కవిటి_కుర్రోడు | సోమవారం రాత్రి 10:48

అక్కా, ఇది చదివితే మా సెంటర్లో మూల పడున్న మిషన్ ఒకటి కళ్లముందు కనబడింది. దాని మీద బట్ట కప్పి ఉంటుంది. కాగితం మీద అది కూడా లెక్కే కదా!

సిక్కోలు_మేష్టారు | మంగళవారం ఉదయం 5:50

అమ్మాయి మంచి పని చేసింది. నేను రెండు మాటలు కలుపుతాను.

ప్రశ్నలు రెండు రకాలు. స్టార్డ్ అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వెయ్యొచ్చు. లోక్‌సభలో రోజుకి 20. అన్‌స్టార్డ్ అంటే రాతలో జవాబు, రోజుకి 230. స్టార్డ్ జాబితా ఆకుపచ్చ కాగితం మీద, అన్‌స్టార్డ్ తెల్ల కాగితం మీద అచ్చువేయడం ఆనవాయితీ. ఒక సభ్యుడి పేరు మీద రోజుకి అన్నీ కలిపి ఐదుకి మించి రావు, అందులో స్టార్డ్ ఒక్కటే. ఎవరిది ముందో లాటరీలో తేలుతుంది. 

అందరూ స్టార్డ్ కోసం పాకులాడతారు, టీవీలో కనబడతారు కాబట్టి. నా సలహా అడిగితే, లెక్కలు కావాలంటే అన్‌స్టార్డే మేలు. పట్టికలతో సహా కాగితం చేతికి వస్తుంది. ఆ ఇరవైలో చాలావాటికి గంట అయిపోయేలోపు వంతే రాదు. మంత్రిని ఇరుకున పెట్టి ఒక మాట అనిపించాలంటేనే స్టార్డ్.

రాజ్యసభలో ఆ గంట మధ్యాహ్నం పన్నెండుకి, లోక్‌సభలో పదకొండుకి. టీవీ పెట్టి వెతుక్కునేవాళ్లకి పనికొస్తుందని చెబుతున్నా.

నెల్లిమర్ల_నాగులు | మంగళవారం ఉదయం 8:30

మేష్టారూ, గౌరవంగానే అడుగుతున్నా. 2020లో లాక్‌డౌన్‌కి మన జిల్లావాళ్లు ఎన్ని ఊళ్ల నుంచి ఎలా నడిచొచ్చారో మీకు తెలుసు. ఆ సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే కార్మిక శాఖ ఏం చెప్పింది? దారిలో చనిపోయిన వలస కూలీల లెక్క తమ దగ్గర లేదని. అదీ జవాబే మరి! దాన్నేం చేసుకోవాలి? ఫ్రేము కట్టించుకోవాలా?

ఎచ్చెర్ల_తీరం | మంగళవారం ఉదయం 9:15

నాగులు అన్నా, ఫ్రేమే కట్టించాలి.

2020 సెప్టెంబరు 14న వచ్చింది ఆ జవాబు. ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల గంటే ఎత్తేశారు, రాత జవాబులు మాత్రమే మిగిలాయి. ఆ ఒక్క రాత జవాబు దేశమంతా ఎంత రచ్చ అయిందో గుర్తుందా? "లెక్క లేదు" అని ప్రభుత్వం సంతకంతో ఒప్పుకున్నాక, లెక్క ఎందుకు లేదని అడిగే హక్కు అందరికీ వచ్చింది. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్ పోర్టల్ 2021 ఆగస్టులో మొదలైంది. అందులో సుప్రీంకోర్టు ఒత్తిడి పెద్దది, ప్రశ్న వల్లే వచ్చిందని నేను అనను. కానీ ఆ జవాబు ముందరుంటే వాదించేవాడికి పని తేలిక.

మా సంగతి చెప్తాను. మాది మచ్చిలేశం వైపు. 2018 నవంబరులో గుజరాత్ వేరావల్ నుంచి బోట్ల మీద వెళ్లిన మన రెండు జిల్లాల మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు. ఇరవై మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. మధ్యలో ఆడవాళ్లు ఎక్కని గడప లేదు. అప్పుడు మాకు కావలసింది ఓదార్పు కాదు, రెండే రెండు ముక్కలు. మన రాయబార కార్యాలయం వాళ్లు వీళ్లని కలిశారా? వీళ్లు భారతీయులేనని నిర్ధారణ కాగితం అటు చేరిందా? ఆ రెండూ కానిదే ఎవరినీ వదలరు. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. విదేశాంగ శాఖ పార్లమెంటుకి ఇచ్చిన జవాబులు చదివినవాడొకడు చెప్తే తెలిసింది. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయని కూడా అక్కడే తెలిసింది. ఆ తేదీలు తెలిశాక, ఎప్పుడు ఎవరిని అడగాలో ఆడవాళ్లకి ఒక దారి దొరికింది.

ఇప్పుడు నేను అడిగించాలనుకునేది వేరు. 193 కిలోమీటర్ల తీరం పెట్టుకుని మావాళ్లు గుజరాత్ ఎందుకు పోవాలి? బుడగట్లపాలెం హార్బర్‌కి, మంచినీళ్లపేట జెట్టీకి మత్స్య సంపద యోజన కింద కేంద్రం ఇచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత? మత్స్య శాఖకి వెయ్యాలి. మేము విజయనగరం లోక్‌సభ కిందకి వస్తాం కాబట్టి మాకు మంత్రి అడ్డంకి కూడా లేదు.

గాజువాక_అల్లుడు | మంగళవారం మధ్యాహ్నం 12:40

మాది ఆమదాలవలస, ఉండేది గాజువాక. ఒక్క జవాబు ఏం చేస్తుందో నేను కళ్లారా చూశాను. 2021 మార్చి 8న విశాఖ ఎంపీ సత్యనారాయణ గారి ప్రశ్నకి ఆర్థిక మంత్రి రాతలో జవాబిచ్చారు. స్టీల్ ప్లాంట్‌లో వంద శాతం వాటా అమ్ముతాం, రాష్ట్రానికి అందులో వాటా లేదు అని. అప్పటిదాకా "అమ్మరులే, చూద్దాంలే" అనుకుంటున్న కార్మికులు ఆ రాత్రే కూర్మన్నపాలెం దగ్గర హైవే మీదకి వచ్చేశారు. నేను షిఫ్ట్ దిగి వస్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. మా ఆవిడకి ఫోన్ చేసి ఇంటికి రాలేను అన్నాను, ఆవిడ టీవీలో అప్పటికే చూసేసింది.

సిక్కోలు_సింహం | మంగళవారం రాత్రి 8:02

ప్రశ్నలు గిశ్నలు ఎందుకు? అవిశ్వాసం పెట్టాలి. 2018 జూలై 20న ప్రత్యేక హోదా మీద దేశమంతా చూసేలా చర్చ జరిగింది. మన రామ్మోహన్ నాయుడు గారు హిందీలో దంచేశారు. దమ్మంటే అదీ!

నెల్లిమర్ల_నాగులు | మంగళవారం రాత్రి 8:09

ఓట్లు ఎన్ని పడ్డాయేటి సింహం గారూ? 126 అటు, 325 ఇటు. హోదా వచ్చిందా?

సిక్కోలు_సింహం | మంగళవారం రాత్రి 8:15

నీలాంటి నిరాశావాదుల వల్లే జిల్లా ఇలా ఉంది. మీ పార్టీ వాళ్లు ఏం పీకారో చెప్పు ముందు.

అడ్మిన్ | మంగళవారం రాత్రి 8:31

ఇద్దరికీ. పార్టీ గొడవలు వద్దు, దానికి వేరే విభాగం ఉంది. దీని కింద వచ్చిన మరికొన్ని కామెంట్లు తీసేశాను.

సిక్కోలు_మేష్టారు | బుధవారం ఉదయం 5:40

సింహం గారు ఎత్తిన మాటలో విషయం లేకపోలేదు. ప్రశ్న సమాచారం రాబడుతుంది, తీర్మానం సభని కదిలిస్తుంది. రెండింటి పని వేరు. అవిశ్వాసానికి 50 మంది లేచి నిలబడాలి. అది గెలవడానికి పెట్టేది కాదన్న సంగతి పెట్టేవాళ్లకీ తెలుసు. 2023 ఆగస్టులో మణిపుర్ మీద ప్రధాని చేత సభలో మాట్లాడించడానికి ప్రతిపక్షం అదే దారి పట్టింది. కానీ కవిటిలో డయాలసిస్ మిషన్ కోసం అవిశ్వాసం పెట్టం కదా.

మనలాంటివాళ్లకి అందుబాటులో ఉండేవి చిన్నవి. 377 నిబంధన కింద లోక్‌సభ సభ్యుడు ఒక చిన్న ప్రకటన సభ ముందు పెడతాడు. జవాబు సభలో రాదు, మంత్రి ఉత్తరం రాస్తాడు. నెలలో రావాలని ఏర్పాటు. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా రైలు ఖుర్దా డివిజన్ కింద ఎందుకుండాలి, వాల్తేరులో కలపండి అని చాలాకాలం గోల నడిచిందే, అలాంటివాటికి ఇది సరిగ్గా సరిపోతుంది. 193 కింద స్వల్పకాలిక చర్చ ఉంది, ఓటింగ్ ఉండదు. సావధాన తీర్మానం ఉంది, అత్యవసరమైనదాని మీద మంత్రి ప్రకటన చెయ్యాలి.

మాటల్లో మాట. 2010లో సోంపేట బీల (చిత్తడి నేల) సంగతి తెలియనివాళ్లకి చెబుతున్నా. జూలై 14న అక్కడ థర్మల్ ప్లాంటు వద్దని అడ్డుపడిన జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి. కాల్పులు శాంతిభద్రతలు, అంటే రాష్ట్రం. థర్మల్ ప్లాంటుకి పర్యావరణ అనుమతి ఇచ్చింది మాత్రం కేంద్రం. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతి రద్దు చేసింది. కాల్పుల మీద ఢిల్లీలో అడిగితే రాష్ట్రం పని అంటారు, చిత్తడి నేలని బీడుభూమి అని ఎలా రాశారని అడిగితే తప్పించుకోలేరు. రాజాం అమ్మాయి 'కేంద్రం చెయ్యి' అన్నది దీన్నే.

మందస_మాజీ_సైనికుడు | బుధవారం ఉదయం 11:00

జై హింద్. ఎంపీ దొరక్కపోతే ఇంకో గడప ఉంది, ఎవరూ చెప్పడం లేదు. రెండు సభల్లోనూ పిటిషన్ల కమిటీలు ఉన్నాయి. పౌరులు రాసుకోవచ్చు, సభలో పెట్టాలంటే ఒక సభ్యుడి సంతకం కావాలి. మా ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ సంగతి చూడండి. రాజ్యసభ పిటిషన్ల కమిటీ, కోషియారీ గారి అధ్యక్షతన, 2011 డిసెంబరులో మాకు అనుకూలంగా నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక పట్టుకుని మావాళ్లు తిరిగారు, ధర్నాలు చేశారు. 2015 నవంబరులో ఉత్తర్వు వచ్చింది. మేము అడిగినట్టే అంతా రాలేదు, అది వేరే కథ. మా జిల్లాలో ఇంటికో సైనికుడున్న ఊళ్లు ఉన్నాయి, వాళ్లని అడగండి ఆ నివేదిక అంటే ఏమిటో.

టెక్కలి_సంధ్య | బుధవారం మధ్యాహ్నం 3:25

నాదో చిన్న సందేహం. మేము కళింగ కోమట్లం. మా అన్నయ్య బ్యాంకు పరీక్ష రాసేటప్పుడు రాష్ట్రంలో బీసీ సర్టిఫికెట్ ఉంది, కేంద్రం ఫారంలో ఓబీసీ పెట్టే వీల్లేకపోయింది. శిష్టకరణాలు, సొండిలది కూడా ఇదే గోల. జీవీఎల్ నరసింహారావు గారు రాజ్యసభలో దీన్ని ఎత్తారని అప్పట్లో మా ఇంట్లో పెద్ద సంబరం. సభలో ఎత్తగానే జాబితాలో చేరిపోతుందని మా నాన్న అనుకున్నారు. అదెలా జరుగుతుంది అసలు?

ఢిల్లీలో_రాజాంపిల్ల | బుధవారం రాత్రి 9:50

సంధ్యా, చేరదు. కేంద్ర జాబితా మారాలంటే రాజ్యాంగం 342ఎ ప్రకారం పార్లమెంటు చట్టం చెయ్యాలి. దానికి ముందు జాతీయ బీసీ కమిషన్ పరిశీలించాలి. ఎస్టీ జాబితా ఇంకా కష్టం. రాష్ట్రం సిఫార్సు చెయ్యాలి, జనగణన చూసే రిజిస్ట్రార్ జనరల్ ఒప్పుకోవాలి, ఎస్టీ కమిషన్ ఒప్పుకోవాలి, అప్పుడు బిల్లు. కంచిలి, ఇచ్ఛాపురం వైపు బెంతు ఒరియాలు ఏళ్ల తరబడి తిరుగుతున్నది ఈ మెట్ల మీదే. కాబట్టి "మమ్మల్ని చేరుస్తారా" అని అడగొద్దు. ఫైలు ఏ మెట్టు మీద ఉంది, ఏ తేదీన అక్కడికి వచ్చింది, ఎవరి అభిప్రాయం రావాలి అని అడగండి. మెట్టు తెలిస్తే ఎవరి తలుపు కొట్టాలో తెలుస్తుంది.

నాగులు మామ 'పరిశీలిస్తున్నాం' అని వెక్కిరించాడు కదా. ఆ మాటకీ ఒక దారి ఉంది. మంత్రి సభలో "పరిశీలిస్తాం", "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" అంటే అది హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంది, లోక్‌సభలో 1953 నుంచి. అలాంటి మాటలన్నీ ఏరి, మూడు నెలల్లో నెరవేర్చారా లేదా అని ఆ శాఖ వెంటపడుతుంది. గడువులు పొడిగించుకుంటూ పోతారు, అది నిజమే. కొన్ని ఏళ్ల తరబడి నానుతాయి. కానీ శాఖలో ఒక గుమాస్తా టేబుల్ మీద ఆ ఫైలు ఉండి తీరుతుంది. నేను (ఈ)లో 'పరిశీలనలో ఉందా' అని ఎందుకు పెట్టానో ఇప్పుడు అర్థమైందా?

కవిటి_కుర్రోడు | గురువారం ఉదయం 7:30

అర్థమైంది అక్కా. నిన్న సంసద్ వెబ్‌సైట్‌లో ఉద్దానం, కిడ్నీ అని వెతుకుతూ కూర్చున్నాను. సభ్యుడి పేరు మీద, శాఖ మీద, విషయం మీద వెతకొచ్చు. జవాబులు పీడీఎఫ్‌లో ఇంగ్లీషు, హిందీలో ఉన్నాయి. మా సంఘంలో డిగ్రీ చదివే చెల్లి ఒకామె ఇంగ్లీషు చదివి చెప్తోంది.

ఒక డౌటు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి ఏడు మండలాలకి 700 కోట్ల నీళ్ల పథకం ప్రారంభించారు. అవి రాష్ట్రానివి. వాటి గురించి కేంద్రాన్ని అడిగే దారి ఏమైనా ఉందా?

ఢిల్లీలో_రాజాంపిల్ల | గురువారం మధ్యాహ్నం 2:10

ఆసుపత్రిలో డాక్టర్లు ఎంతమంది, మందులు ఉన్నాయా అనేది అసెంబ్లీకే. నీళ్ల పథకానికి మాత్రం పక్కదారి ఉంది. జలశక్తి శాఖని ఆ ఏడు మండలాల పేర్లతో అడుగు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం. జల్ జీవన్ లెక్కల ప్రకారం కుళాయి ఉన్న ఇళ్లు ఎన్ని, నీటి నాణ్యత పరీక్షలు ఎప్పుడు చేశారు, ఫలితం ఏమిటి అని. వాళ్ల దగ్గర ఊరి వారీగా లెక్క ఉంటుంది. ఆ లెక్క నీ చేతికి వచ్చాక, మీ వీధిలో కుళాయిలు తిప్పి చూసి పక్కపక్కన పెట్టు. తేడా ఉంటే అదే నీ రెండో వినతిపత్రం.

మొత్తం రెండు ప్రశ్నలు, విడి కాగితాల మీద. పైన నాలుగు లైన్ల ఉత్తరం, కింద సంఘం ముద్ర. మీ కష్టాల కథ మూడో కాగితంలో పెట్టు. అది ఎంపీ చదవడానికి, స్టార్డ్‌గా వస్తే అనుబంధ ప్రశ్నకి పనికొస్తుంది. బట్ట కప్పిన మిషన్ ఫొటో కూడా జతచెయ్యి. విజయనగరం, అరకు, ఒక రాజ్యసభ సభ్యుడు, ముగ్గురికీ ఇవ్వు. ఒకే ప్రశ్న ఇద్దరు వేస్తే కలిపేస్తారు, నష్టమేమీ లేదు. సమావేశాల తేదీలు ప్రకటించగానే ఇవ్వాలి. సభ మొదలయ్యాక ఇస్తే 15 రోజుల లెక్కలో మంచి రోజులన్నీ పోతాయి.

ఎచ్చెర్ల_తీరం | గురువారం సాయంత్రం 6:20

తమ్ముడూ, విజయనగరం వెళ్లేటప్పుడు చెప్పు. మా హార్బర్ కాగితం కూడా రెడీ అవుతోంది. ఎచ్చెర్ల దగ్గర ఎక్కుతాను, కలిసి పోదాం.

నెల్లిమర్ల_నాగులు | గురువారం రాత్రి 9:05

రాజాం అమ్మాయీ, నీకు ఖాళీ ఉంటే ఒక మాట. జనపనార సంగతి కేంద్రానిదేనా?

ఢిల్లీలో_రాజాంపిల్ల | గురువారం రాత్రి 9:30

కేంద్రానిదే మామా, జౌళి శాఖ. ధాన్యం, పంచదార గోనె సంచుల్లోనే నింపాలని 1987లో చట్టం ఉంది, ఏ సరుకు ఎంత శాతం అన్నది వాళ్లే నిర్ణయిస్తారు. ప్రభుత్వం కొనే సంచుల ఆర్డర్లు ఏ మిల్లుకి ఎన్ని వెళ్లాయో కూడా అడగొచ్చు. మిల్లు ఎందుకు మూశారని మాత్రం రాయకు. విజయనగరం జిల్లా మిల్లులకి గత ఐదేళ్లలో వచ్చిన ఆర్డర్లు ఎన్ని, ఏడాది వారీగా అని మొదలుపెట్టు. 150 మాటలు దాటకుండా నువ్వే రాసి ఇక్కడ పెట్టు, నేను దిద్దుతాను.

నెల్లిమర్ల_నాగులు | గురువారం రాత్రి 9:34

రేపు డ్యూటీ దిగాక రాస్తా. సింహం గారిని మాత్రం దిద్దనివ్వకండి.